లేబులు మీద మూడో వరుస

2023 నవంబరు మొదటివారంలో నాకు ఆఫీసు ఆర్డరు మీద ఒక కొత్త డ్యూటీ పడింది. మూడు నెలల పాటు ఒక చిత్రకారిణికి సూక్ష్మదర్శిని వాడడం నేర్పాలి. ఆవిడ తీసే ఫొటోలకు శాస్త్రపరమైన బాధ్యత నేను వహించాలి. అప్పటికి నేను నూజివీడు శివార్లలో మామిడి రైతుల సంఘమొకటి నడిపే తెగుళ్ల పరీక్షా కేంద్రంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్ని. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. మా దగ్గర హోదాల నిచ్చెన చాలా పొట్టిది. అడుగున ఫీల్డ్ అసిస్టెంట్లు, వాళ్ల మీద టెక్నీషియన్లు, ఆ పైన నేను, నా నెత్తిన డైరెక్టరు గారు. తోటల్లో ఎండకు మాడేది మొదటివాళ్లు, స్లైడ్లు తయారుచేసేది రెండోవాళ్లు, కళ్లు పాడుచేసుకునేది నేను, పేపర్లో ఫొటో పడేది డైరెక్టరు గారిది.

ముసునూరు, ఆగిరిపల్లి వైపు రైతులు నన్ను 'తెగుళ్ల మేడం' అనేవారు. పెళ్లిళ్లలో కూడా అదే పేరుతో పరిచయం చేసేవారు. "ఈవిడే మన తెగుళ్ల మేడం గారు" అనగానే కొత్త పెళ్లికొడుకు ఒకడుగు వెనక్కి వేయడం నేను స్వయంగా చూశాను.

మా పని పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే వచ్చింది. రైతు తెచ్చిన ఆకో, పూతకొమ్మో రిజిస్టరులో ఎక్కాక దాంట్లోంచి చిన్న ముక్క గాజుపలక మీద పెడతాం. దాని మీద కాటన్ బ్లూ అనే నీలిరంగు మందు ఒక చుక్క వేస్తాం. బూజు జాతి ఏదైనా ఉంటే ఆ రంగు పట్టి కంటికి ఆనుతుంది. పైన పల్చటి గాజుబిళ్ల వాల్చి, దాచుకోదగ్గ స్లైడయితే అంచుల చుట్టూ గోళ్లరంగు పూసి మూసేస్తాం. అవును, ఆడవాళ్లు గోళ్లకు వేసుకునేదే. దాన్ని ఆఫీసు కొనుగోళ్లలో రాసినందుకు ఒక ఆడిటరు నన్ను సంజాయిషీ అడిగాడు కూడా. చివరికి లేబులు అంటిస్తాం. లేబులు మీద మూడు వరుసలుంటాయి. మొదటి వరుసలో తోటగలవారి పేరు, రెండో వరుసలో ఊరూ మామిడి రకమూ, మూడో వరుసలో తేదీ, వాడిన రంగు. తేదీ లేని స్లైడు నా టేబులు మీదికొస్తే చెత్తబుట్టలో పడేసేదాన్ని. ఆ విషయంలో నా నోటికి జడిసి ఒక టెక్నీషియను ఉద్యోగమే మానేశాడని చెప్పుకుంటారు. అది అబద్ధం. అతను నా నోటికి జడిసి సెలవు పెట్టాడంతే.

చిత్రకారిణి పేరు రవళి. ముప్పై ఏళ్లుంటాయి, విజయవాడ పిల్ల. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, కంటికి కనబడనివాటిని ఫొటో తీసి, కంప్యూటరులో రంగులు దిద్ది గోడంత బొమ్మలు చేయడం ఆమె కళ. ఈ రకం చిత్రకళ ఇప్పుడు పెద్ద నగరాల గ్యాలరీల్లో బాగా నడుస్తోందట. మామిడి తోటల మీద ఒక ప్రదర్శన చేస్తానని ఆమె రాసుకున్న ఉత్తరాన్ని మా డైరెక్టరు గారు రెండుసార్లు చదివి, ప్రారంభోత్సవం తనదేనని రూఢి చేసుకుని, ఆమెను నాకు అప్పగించారు. నాకు అస్సలు నచ్చలేదు. పూత సీజను ముందు, రోజుకు యాభై నమూనాలొచ్చే వేళ, బొమ్మలేంటి?

మొదటి రోజే రవళి సొంతంగా ఒక స్లైడు చేసుకుని చూస్తూ కెవ్వుమంది. "మేడం! మేడం! గ్రహం! చుట్టూ నల్లటి ఉంగరం, లోపల వెలుగు! అమ్మ బాబోయ్, ఎంత అందంగా ఉందో!" అంటూ నా భుజం పట్టి ఊపేసింది. చేతిలో పని వదిలేసి వెళ్లి చూశాను.

"అమ్మా, అది గాలి బుడగ," అన్నాను.

గాజుబిళ్లను తిన్నగా పడేస్తే కింద గాలి చిక్కుకుని గుండ్రంగా, నల్లటి అంచుతో కనబడుతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దాన్ని చూసి ఏదో కనిపెట్టామనుకుంటారు. బిళ్లను ఒక అంచు ఆనించి, సూది మీద మెల్లగా వాల్చాలని చూపించాను. రవళి మొహం చిన్నబోతుందనుకున్నాను. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "అయితే నేను ఫొటో తీసింది గాలినా? గాలిని ఎవరు తీయగలరు మేడం!" అని దాన్ని ఇంకో పాతిక తీసుకుంది. ఈ పిల్లతో మూడు నెలలు ఎలా గడుస్తాయిరా దేవుడా అనుకున్నాను.

ఎలా గడిచాయంటే, నాకు తెలియకుండా గడిచాయి. సూక్ష్మదర్శినిలో బాగా పెద్దది చేసి చూసినప్పుడు ఒక పల్చటి పొర మాత్రమే స్పష్టంగా కనబడుతుంది, దాని పైదీ కిందదీ మసకే. రవళి మర వెంట్రుకవాసి తిప్పుతూ ఒక్కో పొరకూ ఒక్కో ఫొటో, ఒకే చోట అరవై దాకా తీసేది. కంప్యూటరు వాటిలోని స్పష్టమైన ముక్కలన్నీ ఏరి ఒక్క బొమ్మగా కుట్టేది. నేను ముప్పైనాలుగేళ్లుగా పొరలు పొరలుగా చూసి మనసులో అతికించుకున్నదంతా తెర మీద నిండుగా లేచి నిలబడేసరికి కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాను. తేనెమంచు పురుగు కన్ను చూశాం. మసి తెగులు నల్లపూసల దండలా ఉంటుందని నేను ఎన్నేళ్లుగానో రైతులకు చెబుతున్నాను, ఆ దండను మొదటిసారి మొత్తంగా చూశాను. పుప్పొడి రేణువు పగిలి దాంట్లోంచి గొట్టం మొలుచుకొస్తుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం ఇద్దరం భోజనం మర్చిపోయి, సాయంత్రం అయిదింటికి క్యారియరు విప్పి, సాంబారు ఎందుకింత పుల్లగా ఉందని ఆశ్చర్యపోయాం. టెక్నీషియన్లు తలుపు సందులోంచి చూసి, తెగుళ్ల మేడం నవ్వుతోందని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారట.

ప్రదర్శనకు ఇరవైరెండు బొమ్మలు ఎంచాం. వాటిలో మహారాజు లాంటిది నేను దాచుకున్న ఒక పాత స్లైడులోంచి వచ్చింది. గులాబీ, బంగారు రంగుల్లో వేలకొద్దీ చిన్న చిన్న గొట్టాలు, మందుల షాపులో అమ్మే క్యాప్సూళ్ల ఆకారంలో, ఒక గిన్నెలోంచి పొంగి పొర్లుతున్నట్టుంటాయి. ఆరడుగుల గుడ్డ మీద అచ్చు వేయించింది. రవళి ఆ స్లైడు లేబులు పైకి చదివింది.

"వెంకటరత్నమ్మ. ముసునూరు, చిన్న రసం." ఆగింది. "మేడం, దీనికి ఇంతకన్నా మంచి పేరు నేను పెట్టలేను. బొమ్మలన్నిటికీ మీ లేబుళ్లే పేర్లు. పై రెండు వరుసలూ చాలు. మూడోది ఆఫీసు కాగితంలా ఉంది, తీసేద్దామా?"

ఆ ముందు రోజే ఆమె నాకు ప్రదర్శన గుమ్మంలో పెట్టే బోర్డు నమూనా చూపించింది. అందులో ఆమె పేరెంత ఉందో నా పేరూ అంతే ఉంది. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. "సరేలే, తీసేయ్" అన్నాను. తేదీ లేదని స్లైడ్లు చెత్తబుట్టలో పడేసిన మనిషిని, నా నోటితో నేనే అన్నాను.

తోటల పేర్లు బయటపెడుతున్నాం కాబట్టి యజమానులకు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాను. ముసునూరు వెంకటరత్నమ్మ గారికీ చేశాను. అరవై ఏళ్ల మనిషి, తోట ఆవిడ పేరు మీదే ఉంది, తోట పనంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. "నా తోట బొమ్మ నూజివీడులో పెడతారా? పెట్టండి మేడంగారూ, పెట్టండి, ఇంకా అడగాలా!" అంది. అది తెగులు బొమ్మని నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. తెగుళ్ల మేడం దగ్గర ఇంకేం బొమ్మలుంటాయి?

2024 ఫిబ్రవరిలో, మామిడి మార్కెట్టు యార్డులో సీజనుకి ముందు ఖాళీగా పడుండే ఒక షెడ్డులో ప్రదర్శన పెట్టాం. పొద్దున్నే డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించి, సైన్సూ కళా అక్కాచెల్లెళ్లని ఇరవై నిమిషాలు చెప్పారు. పదింటికి వెంకటరత్నమ్మ గారు రెండు ఆటోల చుట్టాలతో దిగింది. పట్టుచీర, చేతిలో సున్నుండల డబ్బా. ఆరడుగుల బొమ్మ ముందు నిలబడి, కింద తన పేరు చదువుకుని, రెండు చెంపలూ తడుముకుంది.

"ఇది నా తోటేనర్రా! లోపల ఇలా ఉంటుందట. చూశారా, బంగారం రాశి పోసినట్టు! నేను ఎప్పుడూ చెబుతానుగా, చేను చేసే చెయ్యి బట్టి ఉంటుందని!" అంటూ వచ్చినవాళ్లందరికీ సున్నుండలు పంచింది. బొమ్మ పక్కన నిలబడి అందరితో ఫొటోలు దిగింది. రవళిని కావలించుకుంది. నాకు రెండుండలు ఇచ్చింది. అవి నములుతూ, ఈవిడకు అసలు సంగతి ఎలా చెప్పాలా అని మొదటిసారి ఆలోచించాను. ఆలోచిస్తుండగానే పాండురంగారావు గారు వచ్చారు.

పాండురంగారావు గారు నూజివీడులో మామిడి వ్యాపారి, తరాలుగా అదే పని. పూత, పిందె చూసి ఆ ఏడాది కాపునంతా ముందే మాట్లాడుకోవడాన్ని ఇక్కడ గుత్త అంటారు. మాట కుదిరితే తోటగలవారింట్లో తాంబూలం పుచ్చుకుంటారు. ఆయన ఆ సాయంత్రమే వెంకటరత్నమ్మ గారింటికి తాంబూలానికి వెళ్లాలి. మెత్తటి మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. బొమ్మ చూశారు, పేరు చదివారు, నా వైపు తిరిగారు.

"బాగుంది మేడం. ఏంటిది?"

నాకు ముప్పైనాలుగేళ్లుగా ఆ ప్రశ్నకు ఒకటే జవాబు అలవాటు. ఏం కనబడితే అది చెప్పడం. "పక్షికన్ను తెగులండీ. మచ్చలోంచి బీజాలు బయటికొస్తున్నాయి" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

సున్నుండ తింటున్న ఒకాయన నమలడం ఆపేశాడు. వెంకటరత్నమ్మ గారు డబ్బా మూత పెట్టి, మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"తెగులా? నా పేరు పెట్టి, ఆరడుగుల తెగులా మేడం?"

"పాతదండీ అది, రెండేళ్ల కిందటిది. అప్పుడు అకాల వాన పడింది, మీరే తెచ్చారు, మందు రాసిచ్చాను, పోయింది కూడా..."

"మరి పాతదని ఎక్కడ రాసుంది?" అంది ఆవిడ.

ఎక్కడా లేదు. తల కొట్టేసినట్టయింది. పాండురంగారావు గారు గొంతు సవరించుకున్నారు. "మేడం చెబితే నేను నమ్మనా అండీ? కాకపోతే బొమ్మ చూస్తే నిన్న తీసినట్టుంది. వారం నుంచి మంచు కూడా పడుతోంది. అమ్మా, ఒక నాలుగు రోజులాగి మాట్లాడుకుందాం."

వ్యాపారి నోట నాలుగు రోజులాగుదామంటే అర్థమేంటో ఇక్కడ అందరికీ తెలుసు. అక్కడ ఇంకో ముగ్గురు వ్యాపారులున్నారు, ముగ్గురూ చెవులు రిక్కించారు. ఫలానా తోటలో తెగులుందట అన్న మాట ఒకసారి బజారున పడితే, ఆ సీజనుకి ఆ గేటు ముందు ఇంకెవరి బండీ ఆగదు. వెంకటరత్నమ్మ గారి ఏడాది కష్టం నా ఒక్క 'సరేలే'తో గంగలో కలవబోతోంది. ఆవిడ పట్టుచీర కొంగు నడుముకు బిగించి, "ఇంత బతుకూ బతికి, సున్నుండలు పంచిపెట్టి మరీ చెప్పుకున్నానమ్మా నా తోటకి తెగులని!" అంది. కోపంగా ఉందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అయుంటాయి. రవళి మొహం పాలిపోయింది.

అప్పుడు నాకు తోచిందొకటే. "ఇవాళ్టి పూత తెప్పిద్దాం. ఇక్కడే, అందరి ముందూ స్లైడ్లు వేస్తాను. కెమెరాలోంచి తెర మీద అందరూ చూడొచ్చు. కానీ రత్నమ్మ గారూ, ఒక్కమాట. ఏముంటే అది చూపిస్తాను. బాగున్నా, బాగోకపోయినా. మీకిష్టమైతేనే."

ఆవిడ చేతిలోని డబ్బా టేబులు మీద పెట్టింది. "తీసుకురండి. దాచుకుని బతికే ఖర్మ నాకు పట్టలేదు" అంది.

నమూనాలు తీయడానికి ఒక పద్ధతుంది. తోట నాలుగు మూలలా ఒక్కో చెట్టు, నడుమ ఒకటి. ప్రతి చెట్టుకీ నాలుగు దిక్కుల నుంచి నాలుగు పూతకొమ్మలు. మొత్తం ఇరవై. చెట్లు ఎంచే పని పాండురంగారావు గారికే వదిలేశాను, తర్వాత మాట రాకూడదని. డైరెక్టరు గారు జీపేసుకుని ఎక్కడికో వెళ్లారు. వ్యాపారి స్కూటరు వెనకాల కూర్చుని, ఒళ్లో పాలిథిన్ కవర్లు పెట్టుకుని, యాభైతొమ్మిదేళ్ల వయసులో నేను ముసునూరు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లాను. ఆయన చాలా మర్యాదగా, చాలా వేగంగా నడిపారు. తోటలో కూడా మర్యాదగానే అన్నిటికన్నా నీరసంగా ఉన్న చెట్లు వెతికి పట్టుకున్నారు. ఆఖరిది ప్రహరీ పక్కన, ఎండ తగలని మూల ఉన్న చెట్టు. తెగులు ముందు పుట్టేది అలాంటి నీడలోనే. కవరు మీద మూడు వరుసలూ రాశాను.

తిరిగొచ్చేసరికి షెడ్డులో జనం రెట్టింపయ్యారు. రవళి సూక్ష్మదర్శినిని టేబులు మీద పెట్టి, కెమెరాను తన పెద్ద తెరకు కలిపి సిద్ధంగా ఉంచింది. నేను స్లైడ్లు చేయడం మొదలెట్టాను. ముందు నేను కంటితో చూస్తాను. తర్వాత పక్కనున్న చిన్న కడ్డీ లాగితే వెలుతురు కెమెరాలోకి మళ్లి బొమ్మ తెర మీద పడుతుంది.

మొదటి స్లైడు శుభ్రం. ఎవరో చప్పట్లు కొట్టారు. రెండోది శుభ్రం. మూడోదానికి జనం ముందే లెక్క పెట్టడం మొదలెట్టారు. అయిదో దానిలో ఒక తామర పురుగు తెర ఈ కొసనుంచి ఆ కొసకు, గేదె అంత ఆకారంతో, తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. పిల్లాపెద్దా కేకలు పెట్టారు. "అదెవరిదండీ?" అని ఎవరో అడిగితే, "మాదే, మా తోటదే!" అంది వెంకటరత్నమ్మ గారు ఠక్కున, పాత గర్వం అంతా గొంతులోకి వచ్చేసి. తర్వాత నాలుక కరుచుకుంది. ఒక్క పురుగుతో ఏమీ కాదని నేను చెప్పాల్సి వచ్చింది. పది దాటేసరికి షెడ్డు క్రికెట్ మ్యాచిలా తయారైంది. శుభ్రం అన్న మాట నా నోట్లోంచి రాకముందే ఈలలు. పక్క షెడ్డు హమాలీలు కూడా పని మానేసి వచ్చి, నిచ్చెన ఎక్కి చూస్తున్నారు. నాకూ ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఈ జన్మలో నా స్లైడుకు ఎవరూ ఈల వేయలేదు.

ఆ హుషారులో పద్నాలుగో స్లైడు ముందు చూసుకోకుండానే కడ్డీ లాగానో లేదో తెర నిండా గుండ్రంగా, నల్లటి అంచుతో ఒకటి ప్రత్యక్షమైంది. జనం "హా!" అన్నారు. అప్పుడే తిరిగొచ్చిన డైరెక్టరు గారు మైకు అందుకుని, "చూడండి రైతు సోదరులారా, ఇదే శిలీంధ్ర బీజం! ఎంత ప్రమాదకరంగా ఉందో గమనించండి!" అన్నారు. వెంకటరత్నమ్మ గారు "అమ్మా!" అని కుర్చీలో కూలబడింది.

"గాలి బుడగ సార్! అది గాలి బుడగ!" రవళి రెండు చేతులూ ఊపుతూ ఎగురుతోంది. "మేడం బిళ్ల తిన్నగా పడేశారు, అంతే! మొదటి రోజు నేనూ దాన్ని చూసి గ్రహం అనుకున్నా!"

సూది మొనతో గాజుబిళ్లను కాస్త నొక్కాను. తెర మీద ఆ మహా ప్రమాదం సాగి, జారి, అంచులోంచి చల్లగా తప్పుకుంది. షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు నవ్వారు. పాండురంగారావు గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. డైరెక్టరు గారు కూడా, ఆయన గొప్పతనం, నవ్వేశారు. గాజుబిళ్ల వాల్చడంలో ముప్పైనాలుగేళ్ల అనుభవం ఉన్న నేను మాత్రం తల దించుకుని పదిహేనోది అందుకున్నాను.

పద్దెనిమిదో స్లైడు ప్రహరీ పక్క చెట్టుది. కన్ను ఆనించాను. పూరేకు అంచున, ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న పీపాల్లాంటి గింజలు, నాలుగైదు దొంతరలు. బూడిద తెగులు. ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

కడ్డీ ఇంకా లాగలేదు. ఆ క్షణాన ఆ సంగతి తెలిసింది షెడ్డులో నాకొక్కదానికే. పలకను వెంట్రుకవాసి పక్కకు జరిపితే చాలు, అవి తెర మీదికి రావు. ఎవరికీ తెలిసే మార్గం లేదు. ఆవిడ తోటకు ఈ గతి పట్టించింది నేనే కాబట్టి ఒడ్డెక్కించే బాధ్యతా నాదేనన్న తర్కం కూడా సిద్ధంగా ఉంది. నిజం చెబుతున్నాను, నా వేలు పలకను జరిపే మర మీదికి వెళ్లింది. తల ఎత్తితే వెంకటరత్నమ్మ గారు తెర వైపు కాదు, నా వైపే చూస్తోంది. కడ్డీ లాగాను.

"బూడిద తెగులు" అన్నాను. "మొదలు దశ."

ఈలలు ఆగిపోయాయి. పందొమ్మిదిలో కూడా కొంచెం ఉంది. ఇరవైలో లేదు. అయిదు చెట్లలో ఒక్క చెట్టు, అది కూడా రెండు దిక్కులే. నీళ్లలో కలిసే గంధకం ఇప్పుడే కొడితే ఆగుతుందని, పట్టించుకోకపోతే మంచుకు తోటంతా పాకుతుందని, రెండూ చెప్పాను. వెంకటరత్నమ్మ గారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్లి, ఆ పీపాల దొంతరలను వేలితో తాకి చూసింది.

పాండురంగారావు గారు కాసేపు తెరను, కాసేపు ఆవిడను చూశారు. తర్వాత ఆయన మెత్తటి గొంతుతోనే, "నా పనే తోటగలవాళ్లు దాచింది కనిపెట్టడం అమ్మా. దాచకుండా ఇంత పెద్ద తెర మీద చూపించినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. కనబడనిదంటే నాకు భయం గానీ, కనబడ్డాక ఏముంది, మందు కొడతాం. సాయంత్రం వస్తాను, తాంబూలం సిద్ధం చేయండి" అన్నారు.

నాకు హమ్మయ్య అనిపించింది. వెంకటరత్నమ్మ గారు మాత్రం వెనక్కి తిరిగి, నడుముకు బిగించిన కొంగు నెమ్మదిగా విప్పి సవరించుకుంది.

"అదేంటండీ, నాలుగు రోజులాగుదామన్నారుగా," అంది. "ఆగుదాం."

ఆ షెడ్డులో పుట్టిన గోల నేను మళ్లీ ఎక్కడా వినలేదు. నిచ్చెన మీది హమాలీ ఒకడు కిందికి దూకి మరీ చప్పట్లు కొట్టాడు. మిగతా ముగ్గురు వ్యాపారులూ ఆవిడ చుట్టూ చేరారు. పాండురంగారావు గారు ఇంతసేపూ తినని సున్నుండను జేబు రుమాలులోంచి తీసి, దాన్ని చూస్తూ నవ్వుతూ తినేశారు.

ఆవిడ ఆ నాలుగు రోజులూ ఊరికే ఉండలేదు. మర్నాడు పొద్దున్నే గంధకం కొట్టించింది. నాలుగో రోజున ఇరవై కొమ్మలు తానే కోసి, కవర్ల మీద మూడు వరుసలూ తన చేతిరాతతో రాసి, షెడ్డుకు తెచ్చింది. ఇరవై స్లైడ్లూ మళ్లీ తెర మీద చూశాం. ప్రహరీ చెట్టు స్లైడులో పీపాలు ఎండి ముడుచుకుపోయాయి, మిగతావి శుభ్రం. పాండురంగారావు గారు తాంబూలం పళ్లెం తానే పట్టుకొచ్చారు. తోటగలవారింట్లో జరగాల్సింది షెడ్డులో, ఆరడుగుల తెగులు ముందు జరిగింది.

ఈలోగా రవళి ఇరవైరెండు బొమ్మల పేర్లూ మార్చి రాయించింది. అచ్చు వేసిన బొమ్మ మీద చిన్న వేలిముద్ర పడితేనే విలవిల్లాడే పిల్ల, వెంకటరత్నమ్మ గారు అడిగారని గుడ్డ మీదే తెల్ల సిరాతో '2022 ఫిబ్రవరి, కాటన్ బ్లూ' అని స్వయంగా రాసింది. నాలుగో రోజు స్లైడులోని పుప్పొడితో దానికి జోడుగా ఇంకో బొమ్మ చేసింది. 'వెంకటరత్నమ్మ. ముసునూరు, చిన్న రసం. 2024 ఫిబ్రవరి, కాటన్ బ్లూ.' రెండూ కలిపి ఒకే కృతి అంది. ప్రదర్శన అయ్యాక ఆ రెంటినీ ఆవిడకే ఇచ్చేసింది. ఇప్పుడవి ముసునూరులో ఆవిడ ముందు గదిలో ఎదురెదురు గోడల మీద ఉన్నాయి.

నేను ఆ జూన్‌లో రిటైరయ్యాను. నా జాగాలోకి వచ్చిన అమ్మాయికి తాళాలు, రిజిస్టర్లు, సగం గోళ్లరంగు సీసా అప్పగించాను. చెప్పదగ్గది ఒకటే చెప్పాను. లేబులు మీద మొదటి వరుస ఎవరిదో చెబుతుంది. రెండోది ఎక్కడిదో చెబుతుంది. ఇప్పటికీ అలాగే ఉందో లేదో వెళ్లి చూడమని చెప్పేది మూడోదొక్కటే. అందంగా కనబడడానికి దాన్ని తీసేసిన అధికారి ఒకరున్నారట, ఎవరని ఆ అమ్మాయి అడిగింది. నేనేనన్నాను.

మొన్న జనవరిలో వెంకటరత్నమ్మ గారు మా ఇంటికి పూతకొమ్మ ఒకటి పట్టుకుని వచ్చింది. నేను రిటైరయ్యానని, ల్యాబుకు వెళ్లమని చెప్పాను. "తెలుసులెండి, ల్యాబులో ఒకటి ఇచ్చే వచ్చా. ఇది మీకు, ఊరికే" అంది. కొమ్మకు దారంతో చిన్న అట్టముక్క కట్టి ఉంది. మొదటి వరుసలో ఆవిడ పేరు, రెండో వరుసలో ముసునూరు, చిన్న రసం. మూడో వరుసలో ఆ రోజు తేదీ.